రాస్తే అది కొసరెట్ల అయితది?

బడిలో పనిచేసినన్నాళ్లు రూల్స్ పెట్టింది నేనే. గోళ్లు కత్తిరించుకుని రావాలి, పుస్తకాలకు అట్టలుండాలి, ప్రార్థన మొదలయ్యాక వచ్చినవాళ్లు గేటు బయటే నిలబడాలి. జనగామలో ఆ ప్రైవేటు బడి పిల్లలకు నేనంటే హడల్. ఈ రూలు ఎందుకు టీచర్ అని ఒక్కరూ అడగలేదు, అడిగినా చెప్పేదాన్ని కాదు. కరోనాలో బడి మూతపడి, బతుకుతెరువుకి ఇంటర్నెట్‌లో కారం అమ్మే పనిలో దిగాక, గేటు బయట నిలబడడం ఎలా ఉంటుందో నాకూ తెలిసొచ్చింది.

కారం నాది కాదు, యాడిది. యాడి అంటే లంబాడీల మాటలో అమ్మ, కారం అమ్మొచ్చే ఆమెను మేము పిల్లలం అలాగే పిలిచేవాళ్లం. బయ్యారం దగ్గర తండాలో ఉంటుంది. మా పుట్టిల్లు మానుకోట. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మా నోళ్లలో ఎప్పుడూ మానుకోటే. నా చిన్నప్పటి నుంచీ ఎండాకాలం రాగానే యాడి నెత్తిన గంపతో మా వాకిట్లో దిగేది. గంపలో ఎల్లిపాయ కారం ఉండేది. మిరపకాయలు, ఎల్లిపాయలు, జీలకర్ర, రాళ్ల ఉప్పు రోట్లో వేసి దంచిన కారం. మా అమ్మ స్టీలు డబ్బా ముందర పెట్టుకుని కూర్చునేది. యాడి తూచి అందులో పోసేది. పోశాక కూడా అమ్మ డబ్బా పక్కకు జరిపేది కాదు.

"ఏందే, గింతేనా? కొసరెయ్యవా?"

"ఏస్త తియ్యి అక్కా. ఎన్నిసార్లు ఏసినా నీ డబ్బ నిండదాయె."

వినేవాళ్లకు కొట్లాటలాగే ఉండేది గానీ ఇద్దరికీ అదొక ముచ్చట. యాడి నాలుగు వేళ్లూ గంపలో ముంచి, వచ్చినంత తీసి డబ్బాలో వేసేది. దాంతో బేరం ముగిసినట్టు. కొసరు పడని డబ్బాకు అమ్మ మూత పెట్టడం నేను చూడలేదు.

మా అమ్మ పోయింది, గంప కూడా పోయింది. యాడి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మానుకోట దవాఖానలో డాక్టరు వంగవద్దు, గొంతుకూర్చోవద్దు అని చెప్పి పంపాడు. వంగకుండా, గొంతుకూర్చోకుండా ఆ ప్రాంతంలో కూలి ఎక్కడ దొరుకుతుంది? మిరప చేలల్లో కాయ ఏరాలంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుం ఎత్తే పని ఉండదు. యాడి అప్పటికి ఆ పనే చేస్తోంది, ఏడుస్తూ చేస్తోంది. ఒకసారి మానుకోట స్టేషను దగ్గర నాకు కనబడి, ప్లాట్‌ఫాం మెట్లు ఎక్కలేక కూర్చుండిపోయింది. "బిడ్డా, కూసోని చేసుకునే పని ఏమన్న ఉంటె సూడు" అంది. నాకే పని లేదు, ఈమెకు నేనెక్కడ చూడను అనుకున్నాను. ఇంటికి వచ్చి అన్నంలో ఆమె ఇచ్చి పంపిన కారం కలుపుకుంటుంటే తట్టింది, పని కంచంలోనే ఉందని.

అక్కకు ఫోన్ చేశాను. మా అక్కది భూపాలపల్లి దగ్గర చెల్పూర్. బావ అక్కడి కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. అక్క డిగ్రీలో కంప్యూటర్ చదివి పప్పులోకి పోపు వేసుకుంటూ కూర్చుంది. నా మాట వినగానే ఎగిరి గంతేసింది. పేరున్న ఒక ఆన్‌లైన్ అంగడిలో మాకొక పేజీ తెరిచింది. పనులు పంచుకున్నాం. కంప్యూటర్ అక్కది. ఆర్డర్లు చూసుకోవడం, కొన్నవాళ్లకు జవాబులు చెప్పడం, సరుకులు సమకూర్చడం నావి. దంచడం యాడి కోడలిది. కలపడం, రుచి చూడడం, తూచి పొట్లం కట్టడం యాడివి. అన్నీ కాళ్లు చాపుకుని చేసుకునే పనులే. నాకూ అక్కకూ ఈ వ్యాపారం పోతే ఇంకొకటి దొరుకుతుంది. యాడికి మాత్రం ఇది పోతే మళ్లీ మిరప చేనే గతి. ఆ సంగతి మొదటి రోజు నుంచీ నా మెడ మీద ఉంది.

ఇక రూల్స్ సంగతి చెప్తాను. మొదటిది ఫొటో. యాడి అరచేతిలో కారం పోసి, మోచేతి పైదాకా ఉన్న తెల్లగాజులు కనబడేలా నేను తీశాను. అంత మంచి ఫొటో నా జన్మలో ఇంకొకటి తీయలేదు. అంగడివాళ్లు తిప్పి పంపారు. వెనకాల ఉత్త తెలుపు ఉండాలట, మనిషి అవయవాలు కనిపించకూడదట. అక్క కంప్యూటర్‌లో చెయ్యి కత్తిరించేసి కారం కుప్ప ఒక్కటే మిగిల్చింది. ఫోన్‌లో యాడికి చూపించాను.

"నా చెయ్యేమాయె?"

"కంపెనీ వద్దన్నది యాడీ."

"చెయ్యి లేకుంట కారం ఎట్ల అచ్చిందట? చెట్టుకు కాసిందట్నా?"

నేను నవ్వాను. అప్పట్లో ఇలాంటివాటికి నవ్వొచ్చేది.

తర్వాత పేరు. ఎల్లిపాయ కారం అని పెడితే వెతికేవాళ్లకు దొరకదట, వెల్లుల్లి కారం అని మార్చమన్నారు. మార్చాం. తర్వాత ఫుడ్ లైసెన్సు అన్నారు. తండా ఇంటి ముందు గదికి సున్నం వేయించి, కిటికీకి జాలీ కొట్టించి లైసెన్సు తెచ్చాం. ప్లాస్టిక్ టోపీ, చేతులకు తొడుగులు. ఆ టోపీ పెట్టుకుని యాడి అద్దంలో చూసుకుని, తన భాషలో కోడలితో ఏదో అంది. కోడలు కడుపు పట్టుకుని నవ్వింది గానీ ఏమన్నదో నాకు చెప్పలేదు. తర్వాత వాపసు రూలు. నచ్చకపోతే వారంలోపు తిప్పి పంపొచ్చు, మారుమాట్లాడకుండా తీసుకోవాలి. సగం తిన్న పొట్లం ఒకటి తిరిగొచ్చింది. వాపసుకు కారణం అని ఉన్న చోట 'కారంగా ఉంది' అని రాశాడు మహానుభావుడు. ఆ తర్వాత, లైసెన్సు ఏ ఇంటి మీద ఉందో ఆ ఇంట్లోనే సీలు పడాలి, ఆ ఇంటి నుంచే పార్సిల్ బయలుదేరాలి అన్నారు. అప్పటిదాకా జనగామలో నా వరండాలో జరిగే సీలు పని కూడా తండాకు మారింది. యాడి కోడలు ఇంటర్ చదివింది కాబట్టి అడ్రసులు ప్రింటు తీసి అతికించడం నేర్చుకుంది. పార్సిళ్లు ఆటోలో మానుకోటకు వెళ్లి అక్కడ కంపెనీ బండి ఎక్కేవి.

ప్రతి రూలుకూ ఒక మెయిల్ వచ్చేది. 'మా విధానాల్లో మార్పులు' అని పైన ఉండేది. ఆ మాట చూస్తే నాకు మెయిల్ తెరవబుద్ధి అయ్యేది కాదు. బడిలో నేను నోటీసు బోర్డు దగ్గరకు నడుస్తుంటే పిల్లల ముఖాలు ఎందుకు పాలిపోయేవో అప్పుడు అర్థమైంది.

అయినా ఏదోలా నెట్టుకొచ్చాం. ఆర్డర్లు పెరిగాయి. ఎక్కడెక్కడి వాళ్లో, పేర్లు పలకడం కూడా రాని ఊళ్ల నుంచి కొనేవాళ్లు. కొన్నవాళ్లు కింద అభిప్రాయాలు రాసేవాళ్లు. అందరూ స్టార్లు, అదే చుక్కలు, నిండుగా ఇచ్చేవాళ్లు. రుచి బాగుందని రాసేవాళ్లు కొందరైతే, ఎక్కువమంది రాసింది ఇంకొకటి. చెప్పినదానికంటే ఎక్కువే పంపారు అని. ఇంట్లో తూచి చూశామని, ఈ కాలంలో ఇలాంటివాళ్లు కూడా ఉన్నారా అని. నాకు వెంటనే అర్థమైంది. యాడి ప్రతి పొట్లంలోనూ సీలు వేసే ముందు నాలుగు వేళ్లూ ముంచి కొసరు వేస్తోంది. అడిగితే ఆశ్చర్యపోయింది.

"ఎయ్యకుంట ఎట్ల పంపుతరు? కాంటా సక్కగ నిలవడితె అది ఉత్త బేరం. జర వంగితెనే మనిషి మల్ల వస్తడు."

నిజమే, మనుషులు మళ్లీ వచ్చారు. వెతికినవాళ్లకు మా పేజీ పైపైనే కనబడేది. యాడి ఆ డబ్బుతో మోకాళ్లకు నూనెలు, పట్టీలు కొనుక్కుంది. మిరపకాయ ఏరే కాలం వచ్చి, తండా ఆడవాళ్లంతా పొద్దున్నే ట్రాలీ ఆటో ఎక్కి పోతుంటే, గడపలో కాళ్లు చాపుకుని కూర్చుని వాళ్లను వేళాకోళం చేసేది. ఆ ఒక్క కాలం ఆమె రాణిలా బతికింది.

అప్పుడొచ్చింది తూకం రూలు.

పార్సిల్ బరువు ఎంతో ముందే రాసి పెట్టాలి. కంపెనీ గోదాములో ఒక మిషను ఉంటుంది, దాని మీద నుంచి పోయే ప్రతి పార్సిల్‌నూ అది తూస్తుంది. రాసినదానికంటే పైన వస్తే ఒక హెచ్చరిక. మూడు హెచ్చరికలు పడితే పేజీ మూత. బరువు తక్కువ రాసి రవాణా ఖర్చు ఎగ్గొట్టే దొంగలున్నారట, వాళ్ల కోసం పెట్టారట. దొంగల కోసం వేసిన వలలో ఎవరు పడతారో వేరే చెప్పాలా? వారం తిరగకుండానే మొదటి హెచ్చరిక వచ్చింది. మేము బరువు దాచిపెడుతున్నామని అందులో ఉంది. చదివి నాకు ఒళ్లు మండింది. ఎక్కువ ఇచ్చినవాళ్లను పట్టుకుని దొంగలంటే ఎవరికి చెప్పుకోవాలి?

పొద్దున రైలెక్కి మానుకోటలో దిగి, ఆటోలో తండాకు పోయాను. యాడి ముందర కూర్చుని, చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పాను. కొసరు వెయ్యొద్దు, వేస్తే పేజీ పోతుంది, పేజీ పోతే మన పని పోతుంది. ఆమె కాంటా దగ్గరకు జరిగి, సరిగ్గా తూచి పొట్లం కట్టింది. కట్టాక ఆ పొట్లం వంక చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఎవరింటికో చావు కబురు పంపుతున్నట్టు చూసింది.

అప్పటికే దారిలో ఉన్న పాత పార్సిళ్లు మిషను ఎక్కాయి. రెండో హెచ్చరిక వచ్చింది. మేము మానేశాం, ఇవి ముందు పంపినవి అని అక్క రాసింది. జవాబు రాలేదు.

కొసరు ఆగిన కొద్దిరోజులకే ఇంకో పక్క నుంచి దెబ్బ పడింది. పాత కొనుగోలుదారులు చుక్కలు తగ్గించడం మొదలుపెట్టారు. ఇదివరకు నిండుగా వచ్చేది, ఇప్పుడు తగ్గించారు, పేరు రాగానే బుద్ధి మారింది అని ఒకాయన రాశాడు. పొట్లం మీద ఎంత రాసి ఉందో అంతా ఉందయ్యా అని నేను మర్యాదగా జవాబు రాస్తే, ఇంకో ఇద్దరు వచ్చి ఆయనకు వంత పాడారు. చుక్కలు తగ్గితే పేజీ అడుగుకు పోతుందని ఇంకో రూలు ఉందాయె. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆర్డర్లు సగానికి పడిపోయాయి. యాడి కోడలు ఫోన్ చేసి, "అక్కా, అత్తమ్మ ఉత్తగ కూసుంటున్నది. ఏం దంచాల్నో సమజైతలేదు" అంది.

అక్కకు అప్పుడొక ఉపాయం తట్టింది. విన్నప్పుడు నాకూ బంగారంలాంటి ఉపాయమే అనిపించింది. కొసరును కూడా లెక్కలోకి తెచ్చేద్దాం అంది. యాడి ఎంత వేసేదో అంత కలిపి పొట్లం బరువు పెంచి, అదే బరువు పొట్లం మీదా కంప్యూటర్‌లోనూ రాసేద్దాం. ధర అంతే ఉంచుదాం. కొన్నవాళ్లకు నిండుగా ముట్టుతుంది, మిషనుకు రాసినట్టే తూగుతుంది. కొత్త లేబుళ్లు ప్రింటు తీయించి మళ్లీ తండాకు పోయాను. ఇక నుంచి పొట్లం ఇంత ఉండాలి యాడీ, పాతదాని కంటే ఎక్కువ, నువ్వేసే కొసరంతా ఇందులోనే ఉంది అని చెప్పాను. ఆమె ముఖం విప్పారింది.

"గట్లనా? మంచిగయింది. మంచిగయింది బిడ్డా."

నా తల నిమిరింది. కోడలిని పిలిచి చాయ్ పెట్టించింది, అందులో ఎప్పటికంటే ఎక్కువ చక్కెర వేయించింది. సాయంత్రం రైల్లో జనగామకు వస్తూ, ఇన్ని రూల్స్ దాటుకొచ్చిన మా తెలివిని నేనే మెచ్చుకున్నాను. అసలు సంగతి వెనకాల తండాలో జరుగుతోందని నాకేం తెలుసు?

కొత్త పొట్లాలు పోయిన మొదటి విడతకే మూడో హెచ్చరిక వచ్చింది. వెంటనే, ఇంకో మెయిల్‌లో, పేజీ మూసేశామని వచ్చింది. నేను నమ్మలేదు. తండాకు ఫోన్ చేసి యాడిని అడిగాను. కొసరు వేశావా?

"ఏసిన గద."

"ఎందుకేసినవ్? కొసరు అందులనే కలిపినమని నీకు చెప్పలేదా?"

"చెప్పినవ్. గది నువ్వు కాయితం మీద రాసినవ్ గద బిడ్డా. రాస్తె అది కొసరెట్ల అయితది? రాసినంక అది అసలు తూకమే. పొట్లం పెద్దగయింది, కొసరు గూడ జర పెద్దగనే ఏసిన. లేకుంటె మనోళ్లు పిసినారోళ్లనుకుంటరు."

నేను ఎన్నో ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. ఆమె అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో చూపించలేకపోయాను. రాసి ఇచ్చేది కొసరు కాదు, మా అమ్మకు కూడా ఆ సంగతి తెలుసు. అందుకే ఆమె డబ్బా జరపకుండా కూర్చునేది. నేనూ అక్కా మాత్రం కొసరును బరువు అనుకున్నాం. కోపం ఆమె మీద తెచ్చుకుందామన్నా రాలేదు, ఏడుపొచ్చింది.

మర్నాడే బస్సెక్కి భూపాలపల్లికి, అక్కణ్నుంచి చెల్పూర్‌కు వెళ్లాను. అక్కా నేనూ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. పేజీ తిరిగి తెరవమని అడగడానికి ఒక అవకాశం ఇచ్చారు. బరువు ఎందుకు తేడా వచ్చిందో కారణం ఎంచుకోవాలి. కింద వరుసగా కారణాలున్నాయి. కాంటా పాడైంది. తప్పు సరుకు పెట్టాం. డబ్బా మారింది. అందులో ఏది నొక్కినా మేము అబద్ధం చెప్పినట్టే. మా కారణం అక్కడ లేదు. అక్క ఏం నొక్కాలో తేల్చుకునే లోపే కరెంటు పోయింది. కిటికీలోంచి చూస్తే ప్లాంటు పొగగొట్టాలు పొగ వదులుతూనే ఉన్నాయి.

"సూడు చెల్లె, కరెంటు పుట్టేది గీడ, పోయేది గూడ గీడనే" అని అక్క నవ్వబోయి నవ్వలేకపోయింది.

కరెంటు కోసం ఎదురుచూస్తూ, కంపెనీకే ఫోన్ చేద్దామని నేనే నంబరు కలిపాను. చాలాసేపు పాట వినిపించాక ఒక అబ్బాయి ఎత్తాడు. కోస్తా మాట, నెమ్మదైన మాట. నేను కథంతా చెప్పాను. అమ్మ డబ్బా దగ్గర నుంచి మొదలుపెట్టి యాడి మోకాళ్ల దాకా చెప్పాను. అక్క మధ్యలో చాలు చాలు అని చేత్తో సైగ చేసినా ఆపలేదు. వాడు ఓపికగా విన్నాడు.

"అర్థమైందండి మేడమ్. మా అమ్మమ్మ కూడా సంతలో కొసరు లేకుండా కదిలేది కాదండి. కానీ సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదండి."

"బాబూ, నువ్వు రాయొచ్చు కదా? మేము తక్కువ ఇచ్చి ఎవరినీ మోసం చెయ్యలే, ఎక్కువ ఇచ్చినం అని?"

"నేను రాయడానికి కూడా అక్కడ చోటు లేదండి. నిజంగా సారీ అండి."

వాడి గొంతులో బాధ నిజమే. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. కసురుకుని ఉంటే తిట్టి పెట్టేసేదాన్ని. రోలు వెళ్లి మద్దెలతో మొర పెట్టుకున్నట్టయింది. కరెంటు వచ్చాక అక్క 'డబ్బా మారింది' అన్నదాన్ని నొక్కింది. జవాబు నిమిషంలో వచ్చింది. పరిశీలించామని, నిర్ణయంలో మార్పు లేదని. ఆ నిమిషంలో ఏ మనిషి చదివాడు, ఏం పరిశీలించాడు?

తర్వాత మేము చేయని ప్రయత్నం లేదు. కొత్త పేజీ తెరుద్దామంటే అదే ఫోను, అదే ఇల్లు, అదే బ్యాంకు ఖాతా కుదరదట. మూతపడ్డ దుకాణం వాళ్లు ఎప్పటికీ మూతపడ్డట్టే. బావ పేరు మీద పెడదామంటే లైసెన్సు తండా ఇంటిది, దానికీ అడ్డుపడింది. ఇంకో అంగడిలో చేరాం. అక్కడ వేలమంది కారం అమ్మేవాళ్లలో మా కుప్ప ఎవరికీ కనబడలేదు. మానుకోటలోనూ జనగామలోనూ దుకాణాలకు ఇద్దామని తిరిగాను. కారం ఎవరింట్లో వాళ్లకు ఉంటుందమ్మా అన్నారు. తెలిసినవాళ్లు ఫోన్‌లో అడిగి ఒకటీ అరా తెప్పించుకునేవాళ్లు. వాటితో ఒక మనిషికి పని పుట్టదు. అక్క మళ్లీ వంటింట్లోకి పోయింది. నేను జనగామలో ఇంకో బడిలో చేరాను. అక్కడ ఆలస్యంగా వచ్చిన పిల్లలను ఇప్పుడు నేను గేటు బయట నిలబెట్టడం లేదు. హెడ్మాస్టరు నా మీద గుర్రుగా ఉన్నాడు.

యాడికి ఈ సంగతి ఎలా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ బాగుండదు. చెప్పాను. విని, "మల్ల ఎప్పుడు తెరుస్తరట?" అంది. బడి సెలవుల్లాంటిదనుకుంది. తెరవరు యాడీ అన్నాను. ప్లాస్టిక్ టోపీ తీసి గోడకున్న మేకుకు తగిలించింది, మళ్లీ వాడుకోవాలన్నట్టు జాగ్రత్తగా తగిలించింది.

చలి వెనకపట్టాక ఒక ఆదివారం ఉండబట్టలేక మళ్లీ వెళ్లాను. ఇంట్లో చంటిదానితో కోడలు ఒక్కతే ఉంది. అత్తమ్మ మిరప చేనుకు పోయిందని చెప్పింది. ఆపితే ఆగలేదక్కా, ఇంట్ల తినేటోళ్లున్నరు గద అంది. చేను ఎటో అడిగి నడుచుకుంటూ పోయాను. పొద్దు వాలుతోంది. ఆడవాళ్లు ఏరిన కాయ సంచుల్లో పోసుకుని గట్టు మీదకు వస్తున్నారు. యాడి సాలు మధ్యలో ఇంకా అలాగే ఉంది. వంగలేదు, గొంతుకూర్చోలేదు. నేల మీద చతికిలబడి, ఒక చెట్టు కాయ అయ్యాక రెండు చేతులూ ఆనించి, ఒళ్లు ఈడ్చుకుంటూ పక్క చెట్టు దగ్గరకు జరుగుతోంది. చీర వెనక భాగమంతా మట్టి. నన్ను చూసి, "నువ్వెందుకచ్చినవ్ ఎండల?" అని గదిమింది. ఎండ ఎప్పుడో చల్లబడింది.

ఆమె సంచి నేనే గట్టు దాకా మోశాను, ఆమె అలాగే జరుగుతూ వెనకే వచ్చి గట్టు మీద కూర్చుంది. గట్టు మీద మేస్త్రీ కాంటా వేలాడదీసి తూస్తున్నాడు. ఎవరు ఎంత ఏరితే వాళ్లకు అంత కూలి. యాడి సంచి కొక్కానికి తగిలించాడు. ముల్లు ఎక్కడ నిలబడిందో నేను చూశాను. అతను బయటికి చెప్పింది వేరు, తక్కువ.

"కాంటా మీద గంత కనబడుతుంటె గింతేనంటవేంది?" అన్నాను.

"తరుగు తీసినమ్మా. సంచి బరువు, మంచు తడి. అందరికి తీస్తం."

"సంచి అంత బరువుంటదా? ఒట్టి సంచి తూచు, చూస్త."

"నువ్వెవరమ్మా? గిది రూలు."

ఆ మాట ఆ చేలో కూడా వినాల్సి వస్తుందనుకోలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరి పొట్ట కొడుతున్నావో తెలుసా అన్నాను. అతను నన్ను పట్టించుకోకుండా పక్కనామె సంచి ఎత్తాడు. మిగతా ఆడవాళ్లు ఎవరూ మాట్లాడలేదు. రేపు మళ్లీ వాళ్లకు అతని దగ్గరే పని. యాడి నా కొంగు పట్టి లాగింది.

"ఊకో బిడ్డా. ఊకో. రేపు నన్ను రానియ్యడు."

ఊరుకున్నాను. ఇంకేం చేయగలను? ఆమెను లేపి నిలబెట్టడానికి నేనూ ఇంకొక ఆవిడా రెండు భుజాలూ పట్టుకోవాల్సి వచ్చింది. ఆటో దాకా కొంచెం దూరం. నా భుజం మీద బరువు వేసి, ఆగి ఆగి నడుస్తూ వచ్చింది. ఆటో దగ్గర నిలబడి, చేతులకంటిన మట్టి దులుపుకుంటూ, నన్ను కాదు, ఎవరినో అడుగుతున్నట్టు అంది.

"మనం పైన ఏస్తె తప్పన్నరు. వీండ్లు కింద కోస్తె రూలంటరు. గిదెక్కడి కాంటా బిడ్డా?"

అందరూ కలిసి ఆమెను ఆటోలోకి ఎత్తారు. నాకు చోటు లేక, రోడ్డు దాకా నడిచే వచ్చాను.